స్టెప్ 1 ఫెయిలయ్యాక రెసిడెన్సీకి: ఒక ఖమ్మం డాక్టరు కేస్

"మేడమ్, ఆ ఫెయిల్ కనపడకుండా అప్లై చేసే దారేమైనా ఉందా?"

2023 ఫిబ్రవరిలో ఒక ఆదివారం పొద్దున వాట్సాప్ కాల్‌లో ఒక డాక్టరమ్మాయి పేరు చెప్పింది, ఊరు చెప్పింది, ఆ వెంటనే ఈ మాట అడిగింది. లేదమ్మా అన్నాను. అమెరికాలో డాక్టరుగా పనిచేయాలంటే పాసవ్వాల్సిన పరీక్షలు యూఎస్ఎంఎల్ఈ, వాటిలో మొదటిది స్టెప్ 1. ఆ ట్రాన్‌స్క్రిప్ట్‌లో రాసిన ప్రతి పరీక్షా ఉంటుంది. పాసైందీ ఉంటుంది, ఫెయిలైందీ ఉంటుంది, మధ్యలో లేచి వచ్చేసిందీ ఉంటుంది. ఒకటి పంపి ఇంకొకటి ఆపడం కుదరదు. కాసేపు ఆ వైపు నుంచి మాట లేదు. వెనకాల కుక్కర్ విజిల్ మాత్రం వినపడింది.

నేను అమెరికాలో ఒక కమ్యూనిటీ హాస్పిటల్లో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టర్ని. అక్కడి రెసిడెన్సీ (మన పీజీ లాంటి శిక్షణ) ప్రోగ్రామ్‌లో ఫ్యాకల్టీగా పన్నెండేళ్లుగా అప్లికేషన్లు చదువుతున్నాను, ఇంటర్వ్యూలు చేస్తున్నాను. శని, ఆదివారాల్లో తెలుగు రాష్ట్రాల పిల్లలకు నాకు తెలిసింది చెబుతుంటాను, డబ్బులు తీసుకోను. ఈ కేస్ ఆమె సరేనన్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు మార్చాను. పరీక్ష పోయిన పిల్లలకు చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేది "స్టెప్ 2లో మంచి స్కోర్ తెచ్చుకో, అన్నీ కొట్టుకుపోతాయి" అని. ఎందుకు పోయిందో అడిగేవాళ్లు తక్కువ. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా పారాసిటమాల్ రాసిచ్చినట్టు ఉంటుంది ఆ సలహా. ఈ కేసులో మేము మొదటి ఆరు వారాలు కారణం వెతకడానికే పెట్టాం. తర్వాత జరిగిందంతా ఆ ఆరు వారాల మీదే నిలబడింది.

వచ్చేనాటికి పరిస్థితి

2016లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలో చేరింది. సబ్జెక్టులేవీ తప్పలేదు. 2022 మార్చిలో హౌస్ సర్జన్సీ అయిపోయింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో హైదరాబాద్ ప్రొమెట్రిక్ సెంటర్లో స్టెప్ 1 రాసింది. అక్టోబర్‌లో ఒక బుధవారం రిజల్ట్ వచ్చింది. ఇంట్లో తమ్ముడికి ఒక్కడికే చెప్పింది. అమ్మానాన్నలకు "ఇంకా రాలేదు" అని మూడు వారాలు చెబుతూ వచ్చింది. తర్వాత ఊళ్లోనే ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌గా చేరి, నాలుగు నెలలు పుస్తకం ముట్టుకోలేదు.

ఆ ఏడాది ఈ పరీక్షలో చాలామంది జారారు, దానికో నేపథ్యం ఉంది. 2022 జనవరి 26 నుంచి స్టెప్ 1కి స్కోర్ ఇవ్వడం మానేశారు. పాసా, ఫెయిలా అంతే. పాస్ మార్కును కూడా అప్పుడే 194 నుంచి 196కి పెంచారు. అంతకుముందు 240, 250 కోసం చదివేవాళ్లు కాబట్టి ప్రాక్టీస్ టెస్టుల్లో పాస్ గీత దగ్గర ఉన్నవాళ్లెవరూ పరీక్ష హాలుకు వెళ్లేవాళ్లు కాదు. "పాసైతే చాలు కదా" అన్న మాట వచ్చాక గీత మీద నిలబడి వెళ్లడం మొదలైంది. బయటి దేశాల కాలేజీల్లో చదివి మొదటిసారి రాసినవాళ్లలో 2021లో 82 శాతం పాసైతే, 2022లో 74 శాతమే పాసయ్యారు. ఆ తేడాలో ఈమె కూడా ఉంది.

ప్రాక్టీస్ ఎన్‌బీఎంఈలు (అసలు పరీక్ష తయారుచేసే సంస్థే ఇచ్చే ప్రాక్టీస్ టెస్టులు) ఎన్ని రాశావమ్మా అని అడిగాను. మూడు. జులైలో 55 శాతం, ఆగస్టు మధ్యలో 61, పరీక్షకు ఐదు రోజుల ముందు 63. ఎన్‌బీఎంఈ రిపోర్టులోనే 62 నుంచి 68 దాకా అంచున పాసయ్యే మేర అని రాసి ఉంటుంది. 63ను ఆమె "పాసే కదా" అని చదువుకుంది. పరీక్ష రాయడానికి ఇచ్చే మూడు నెలల ఎలిజిబిలిటీ గడువు అప్పటికే ఒకసారి పొడిగించుకుంది, మళ్లీ ఫీజు కట్టాలని నాన్నను అడగలేకపోయింది. అక్టోబర్‌లో పెద్దనాన్నగారి అమ్మాయి పెళ్లి. అందరూ కలిసే చోట "పరీక్ష అయిపోయిందా?" అన్న ప్రశ్నకు అవునని చెప్పాలనిపించింది. పరీక్ష తేదీని ఇలాంటివే నిర్ణయిస్తుంటాయి. నా దగ్గరికి వచ్చిన ఫెయిల్ కేసుల్లో ఎక్కువభాగం ఇంతే, తేదీ ముందు ఖాయమవుతుంది, చదువు దాని వెనక పరిగెడుతుంది.

స్క్రీన్ షేర్ పెట్టి చూసిన గంట

మూడో వారం ఆమెను జూమ్‌లో కూర్చోబెట్టి, కొత్త ప్రశ్నలతో 40 ప్రశ్నల బ్లాక్ ఒకటి నా కళ్లెదుటే చేయమన్నాను. గంట సమయం. నేను మైక్ ఆపేసి కాగితం మీద గీతలు గీసుకుంటూ కూర్చున్నాను.

పదకొండో ప్రశ్న నాకింకా గుర్తుంది. ఏళ్ల తరబడి సిగరెట్ తాగిన మనిషి, ఊపిరితిత్తిలో గడ్డ, సోడియం 118, యూరిన్ ఆస్మొలాలిటీ 600. చదవడం పూర్తికాగానే ఎస్ఐఏడీహెచ్ (ఒంట్లో నీరు బయటికి పోకుండా నిలిచిపోయే సమస్య) మీద నొక్కింది. అది సరైన జవాబు. తర్వాతి ప్రశ్నకు వెళ్లకుండా మౌస్ అక్కడే ఆగింది. మళ్లీ మొదటి నుంచి చదివింది. నీళ్లు ఎక్కువ తాగడం వల్ల వచ్చే సమస్యకు జవాబు మార్చింది. యూరిన్ అంత చిక్కగా ఉందని కళ్లెదుటే రాసి ఉంది, నీళ్లు తాగడం వల్లైతే అది పలచబడాలి. బ్లాక్ అయ్యాక ఎందుకు మార్చావని అడిగితే, "మరీ ఇంత సులువుగా ఇవ్వరేమో అనిపించింది మేడమ్" అంది.

నా కాగితం మీద లెక్క ఇది. మొత్తం తొమ్మిది జవాబులు మార్చింది. ఆరు చోట్ల ఒప్పును తప్పు చేసుకుంది. ఒక్క చోట తప్పు ఒప్పైంది. మిగతా రెండూ తప్పు నుంచి తప్పుకే. చివరి ఏడు ప్రశ్నలకు నాలుగు నిమిషాలే మిగిలాయి. వచ్చింది 23. అసలు ఏదీ మార్చకుండా ఉంటే 28 వచ్చేవి. 40కి 23 అంటే 57 శాతం చిల్లర, 28 అంటే 70. పాసుకూ ఫెయిలుకూ మధ్య దూరం ఆ తొమ్మిది క్లిక్కుల్లోనే ఉంది.

దాన్ని ఆమెకు చూపించినప్పుడు ఏడ్చింది. ఐదు నెలలుగా తనకు చదువు రాదని, మెదడే పనిచేయదని అనుకుంటూ ఉందట. నాక్కూడా గొంతు పట్టేసింది, ఇంకేం మాట్లాడలేక కాల్ పెట్టేశాను.

అంతా ఆ క్లిక్కుల వల్లే అనడం లేదు. ఇంకా ఉన్నాయి. యూవరల్డ్ ప్రశ్నల బ్యాంకు రెండోసారి చేసినప్పుడు 78 శాతం వచ్చిందని ధీమాగా ఉంది, కానీ అది ప్రశ్న గుర్తుండి పెట్టిన జవాబులు. బయోకెమిస్ట్రీ, బయోస్టాటిస్టిక్స్ పక్కన పెట్టేసింది. ఫెయిలైనవాళ్లకు వచ్చే రిపోర్టులో గీతకు ఎంత కింద ఉన్నారో, ఏ విభాగంలో ఎలా చేశారో బొమ్మ వేసి చూపిస్తారు. ఆ కాగితాన్ని ఆమె ఒక్కసారి తెరిచి మూసేసింది. మేమిద్దరం కలిసి మళ్లీ తెరిచాం. ఇంకో సంగతి నాలుగో కాల్‌లో అనుకోకుండా బయటపడింది. పరీక్ష రోజు తెల్లవారుజామున రెండింటికి ఖమ్మంలో బస్సెక్కి, హైదరాబాద్‌లో దిగి, నేరుగా సెంటర్‌కు వెళ్లి ఎనిమిది గంటల పరీక్షకు కూర్చుంది. ఎందుకలా చేశావంటే, ముందురోజు బంధువుల ఇంటికి వెళ్తే ప్రశ్నలు అడుగుతారని.

మార్పులకు ఒకే ఒక్క నియమం పెట్టుకున్నాం. జవాబు మార్చాలనిపిస్తే, మార్చడానికి కారణమైన మాట ప్రశ్నలో ఎక్కడుందో వేలితో చూపించగలగాలి. వేలు పెట్టడానికి మాట లేకపోతే మార్చకూడదు. రోజుకో బ్లాక్, ప్రతి బ్లాక్ తర్వాత ఎన్ని మార్చిందో ఎక్సెల్‌లో ఎక్కించడం. మార్చి చివరికి బ్లాక్‌కు తొమ్మిది నుంచి రెండుకు వచ్చింది. వచ్చిన మార్కుల కన్నా నాకు ఆ రెండే ఎక్కువ సంతోషం కలిగించింది.

రెండోసారి, ఆ తర్వాత

ఒక్కో స్టెప్‌కు మొత్తం నాలుగు ప్రయత్నాలే అని 2021లో నియమం మార్చారు, అంతకుముందు ఆరు ఉండేవి. టెక్సాస్ లాంటి రాష్ట్రాల్లో లైసెన్స్ కావాలంటే మూడింటి లోపే పాసవ్వాలి. ఇవన్నీ ఆమెకు తెలుసు. నేను చెప్పింది ఒకటే, నీకు ఇంక ఒక్క ప్రయత్నమే ఉందనుకో. ఒక ఫెయిల్‌ను చదివి అర్థం చేసుకునే ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. రెండో ఫెయిల్ పడ్డాక అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా నాకు తగల్లేదు.

కాబట్టి తేదీ చదువు వెనక నడవాలి. వరసగా రెండు కొత్త ఎన్‌బీఎంఈల్లో 70 దాటాలి, ఫ్రీ 120 అనే ఉచిత నమూనా పరీక్షలో కూడా 70 దాటాలి. అప్పుడే వెళ్లాలి. మేలో వెళ్దామనుకుంటే 72, 67 వచ్చాయి. వాయిదా వేయమన్నాను. ఆ రాత్రి వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. గ్రామీణ బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి, గొంతులో కోపం కన్నా అలసట ఎక్కువగా వినపడింది. "మా అమ్మాయికి వయసు మీద పడుతోందండీ. వాయిదాలు వేసుకుంటూ పోతే పెళ్లెప్పుడు, ఉద్యోగమెప్పుడు? మీరు పెద్దవారు, ఏదో ఒకటి తేల్చి చెప్పండి" అన్నారు. ఇంకో ఏడు వారాలు ఇవ్వండి బాబాయ్‌గారూ, ఈసారి పోతే నేనే మానేయమని చెబుతాను అన్నాను. ఆ మాట ఇచ్చినందుకు ఏడు వారాలు నాకూ నిద్ర సరిగా పట్టలేదు.

జులైలో రాసింది. ఈసారి మూడు రోజుల ముందే హైదరాబాద్‌లో పిన్నివాళ్లింట్లో దిగింది. పరీక్షకు ముందురోజు సెంటర్ దాకా ఆటోలో వెళ్లి దారి చూసి వచ్చింది. ఆగస్టులో పాస్ అని వచ్చింది.

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. ఏప్రిల్‌లో డ్యూటీ డాక్టర్ ఉద్యోగం మానేసి చదవమన్నాను. అలా చెప్పకూడదు. ఇంట్లో డబ్బుకు ఇబ్బందైంది, రెజ్యూమెలో ఖాళీ వచ్చింది. పరీక్ష పాసయ్యాక తిరిగి చేరింది కానీ, ఇంటర్వ్యూలో ఫెయిల్ గురించి అడిగినవాళ్ల కన్నా ఆ ఖాళీ గురించి అడిగినవాళ్లే ఎక్కువ. వారానికి రెండు డ్యూటీలైనా ఉంచుకోమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

పాసైన ఉత్సాహంలో ఆ సెప్టెంబర్‌లోనే అప్లై చేస్తానంది. వద్దన్నాను. స్టెప్ 1కి అంకె లేదు కాబట్టి ప్రోగ్రామ్‌లు చూసే అంకె స్టెప్ 2 ఒక్కటే. ఫెయిల్ ఉండి, స్టెప్ 2 లేకుండా వెళ్లే అప్లికేషన్‌ను తెరవడానికి ఎవరికీ కారణం ఉండదు. 2024 ఫిబ్రవరిలో స్టెప్ 2 రాసింది, అప్పటి పాస్ మార్కు 214, ఆమెకు 247 వచ్చింది. ఓఈటీ అనే ఇంగ్లిష్ పరీక్ష ఒకేసారికి అయిపోయింది. అమెరికా వెళ్లి రాయాల్సిన స్టెప్ 2 సీఎస్ 2021 జనవరిలోనే రద్దైంది కాబట్టి ఆ ప్రయాణం లేదు, దాని బదులు వచ్చిన పాత్‌వేస్ ద్వారా, విదేశాల్లో చదివిన డాక్టర్లకు రెసిడెన్సీ కోసం కావాల్సిన ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ జూన్‌లో చేతికొచ్చింది.

మేలో బీ1/బీ2 విజిటర్ వీసా మీద అమెరికా వచ్చి, రెండు చోట్ల అబ్జర్వర్‌షిప్ చేసింది. అబ్జర్వర్‌కు రోగిని ముట్టుకునే అధికారం లేదు, పక్కన నిలబడి చూడటమే. అయినా ఒక రోజు క్లినిక్‌లో ఒక పెద్దాయన సంచిలోంచి తీసిన మందు డబ్బాలు చూస్తూ, గుండె వేగం తగ్గించే మెటోప్రొలాల్ అనే ఒకే మందు రెండు రకాలుగా, టార్ట్రేట్ ఒక డబ్బాలో, సక్సినేట్ ఇంకో డబ్బాలో ఉన్నాయని, రెండూ వేసుకుంటున్నారేమో అడగమని డాక్టర్ చెవిలో చెప్పింది. ఆయన నిజంగానే రెండూ వేసుకుంటున్నాడు, నాడి 48 ఉంది. ఆ డాక్టర్ రాసిన సిఫార్సు ఉత్తరంలో ఆ రెండు డబ్బాల కథ ఉంది. "కష్టపడే స్వభావం, మంచి నడవడిక" అని రాసిన ఉత్తరాలు నేను వేలల్లో చదివాను, ఒక్కటీ గుర్తులేదు. ఇలాంటిది మర్చిపోను.

స్టెప్ 3 రాయాలా వద్దా అన్న దగ్గర నేను చాలా తటపటాయించాను. ఫెయిల్ ఉన్నవాళ్లకు స్టెప్ 3 పాస్ గట్టి సాక్ష్యం, కానీ అందులో పోతే అంతటితో సరి. అమెరికాలోనే రాయాలి కాబట్టి ఉన్నప్పుడే రాసేయాలన్న ఒత్తిడీ ఉంది. ప్రాక్టీస్‌లో ఆమె లెక్కలు చూసి, అక్టోబర్‌లో రాయమన్నాను. పాస్ మార్కు 200, ఆమెకు 224. సర్టిఫికెట్ రావడం ఇంకో రెండు నెలలు ఆలస్యమై ఉంటే వద్దనేదాన్ని.

అప్లికేషన్

నా వైపు నుంచి చూస్తే ఇలా ఉంటుంది. మా ప్రోగ్రామ్‌లో ఇరవై సీట్ల లోపే, అప్లికేషన్లు నాలుగు వేలు. ప్రోగ్రామ్‌లకు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌లో పరీక్ష ఫెయిలైనవాళ్లను పక్కన పెట్టే ఫిల్టర్ ఉంటుంది. అది పెట్టిన ప్రోగ్రామ్‌కు ఎంత గొప్ప పర్సనల్ స్టేట్‌మెంట్ పంపినా ఎవరి కంటా పడదు. కాబట్టి అప్లికేషన్ ఎంత బాగా రాశామన్నదాని కన్నా ముందు, దాన్ని తెరిచే చోటికి పంపామా అన్నది చూసుకోవాలి.

ఆమె 200 ఇంటర్నల్ మెడిసిన్ ప్రోగ్రామ్‌లు రాసుకొచ్చింది. 2025 సీజన్‌కు ఈరాస్ (రెసిడెన్సీ అప్లికేషన్లు పంపే ఆన్‌లైన్ వ్యవస్థ) ఫీజు ఒక్కో స్పెషాలిటీలో మొదటి 30 ప్రోగ్రామ్‌లకు 11 డాలర్ల చొప్పున, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్లు. 200కి 5,430 డాలర్లు, అంటే నాలుగున్నర లక్షల రూపాయలు. సగానికి పైగా చోట్ల ఆ డబ్బు నేరుగా ఫిల్టర్‌లోకి పోతుంది. నాలుగు శనివారాలు కూర్చుని ఒక్కో ప్రోగ్రామ్ వెబ్‌సైటు తెరిచాం. మొదటి ప్రయత్నంలోనే పాసై ఉండాలి అని రాసినవి తీసేశాం. చదువు ముగిసి మూడేళ్లు దాటకూడదన్నవి ఉంచాం, ఆమెది 2022 కాబట్టి. వీసా ఇవ్వనివి తీసేశాం. ఏమీ రాయని చోట ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌కు రెండు వాక్యాల మెయిల్. చాలామంది జవాబివ్వలేదు, ఇచ్చినవాళ్లు మాత్రం సూటిగా ఇచ్చారు. చివరికి 90 ఇంటర్నల్ మెడిసిన్, 30 ఫ్యామిలీ మెడిసిన్ మిగిలాయి. ట్రాన్‌స్క్రిప్ట్ ఫీజు 80 డాలర్లతో కలిపి 2,540 డాలర్లు. మా ప్రోగ్రామ్‌కు అప్లై చేయొద్దని మొదటి రోజే చెప్పాను, ఆమె ఫైలు నా టేబుల్ మీదకు రావడం ఎవరికీ మంచిది కాదు.

సిగ్నళ్ల దగ్గర, అంటే మీ ప్రోగ్రామ్ అంటే నాకు ఎక్కువ ఆసక్తి అని అప్లికేషన్‌తో పంపే గుర్తుల దగ్గర, పిల్లలు ఎక్కువ పొరపాటు చేస్తారు. ఆ సీజన్‌లో ఇంటర్నల్ మెడిసిన్‌కు మూడు గోల్డ్, పన్నెండు సిల్వర్. ఆమె మూడు గోల్డూ పెద్ద యూనివర్సిటీలకు పెట్టింది. అవి మూడూ తీయించి, తను అబ్జర్వర్‌షిప్ చేసిన ఊరి చుట్టుపక్కల కమ్యూనిటీ ప్రోగ్రామ్‌లకు పెట్టించాను. ఆ రాష్ట్రంలో ఉండగలదని, అక్కడి డాక్టరు ఉత్తరం ఉందని వాళ్లకు కనపడుతుంది.

పర్సనల్ స్టేట్‌మెంట్ మొదటి ముసాయిదా "ఆ బుధవారం నా లోకం చీకటైపోయింది" అని మొదలైంది. పేజీన్నర ఫెయిల్ గురించే. కోవిడ్ డ్యూటీల వల్ల చదవలేకపోయానని కూడా రాసింది. హౌస్ సర్జన్సీ మార్చిలో అయిపోయింది, పరీక్ష సెప్టెంబర్‌లో. చదివేవాళ్లు తేదీలు చూస్తారమ్మా, ఒక్క చోట నమ్మకం పోతే మిగతాదీ నమ్మరు అన్నాను. మూడు రోజులు అలిగింది. తర్వాత తనే కూర్చుని రాసుకొచ్చింది, నేను మార్చింది రెండు మాటలే. తెలుగులో చెప్పాలంటే ఇంత: 2022లో స్టెప్ 1 మొదటిసారి ఫెయిలయ్యాను. ప్రాక్టీస్ టెస్టుల్లో అంచు మీద ఉండి కూడా పరీక్షకు వెళ్లాను, సరైన జవాబులను కారణం లేకుండా మార్చుకునే అలవాటు నాకుందని తర్వాత తెలుసుకుని సరిచేసుకున్నాను. మళ్లీ రాసి పాసయ్యాను, స్టెప్ 2లో 247 వచ్చింది.

మూడు వాక్యాలు. అవి కూడా మూడో పేరాలో. మొదటి పేరా నర్సింగ్ హోమ్‌లో రాత్రి డ్యూటీ గురించి, చివరి పేరా తను ఎలాంటి డాక్టరు కావాలనుకుంటోందో దాని గురించి. ఈరాస్‌లో జీవితంలోని కష్టాలు రాసుకోవడానికి వేరే చోటు ఉంది, అందులో ఈ ఫెయిల్ పెట్టొద్దన్నాను. తిండికి, చదువుకు అడ్డుపడిన కష్టాలు చెప్పుకునే చోటది. పరీక్ష పోవడం కష్టమే, కానీ అక్కడ రాస్తే జాలి అడిగినట్టుంటుంది.

నాలుగు ఇంటర్వ్యూలు

120 అప్లికేషన్లకు నాలుగు పిలుపులు. మూడు ఇంటర్నల్ మెడిసిన్, ఒకటి ఫ్యామిలీ మెడిసిన్. ఇంటర్నల్ మెడిసిన్ మూడింట్లో రెండు గోల్డ్ సిగ్నల్ పెట్టినవే. మూడోది స్టెప్ 3 రిజల్ట్ పంపాక వారానికి వచ్చింది.

సాధనలో ఫెయిల్ గురించి అడిగితే మొదట్లో నాలుగు నిమిషాలు మాట్లాడేది. మాట్లాడుతున్న కొద్దీ గొంతు తగ్గేది, కళ్లు కిందికి పోయేవి. 40 సెకన్లకు తెచ్చాం. ఏం జరిగింది, కారణం ఏమిటి, ఏం మార్చాను, ఆ తర్వాత ఏం వచ్చింది. అంతే, ఆపేయాలి. ఆపడం నేర్చుకోవడానికే రెండు వారాలు పట్టింది. అవతలి మనిషి మౌనంగా ఉంటే దాన్ని నింపాలనిపిస్తుంది, నింపితే మళ్లీ క్షమాపణలు మొదలవుతాయి.

రెండు చోట్ల అసలు అడగలేదు. ఒక చోట ప్రోగ్రామ్ డైరెక్టర్ అడిగారు, ఆమె 40 సెకన్లలో చెప్పి ఆపింది. ఆయన వెంటనే ఇంకోటి అడిగారు: సరైన జవాబు మార్చుకునే అలవాటు పరీక్షలో అయితే మార్కు పోతుంది, అర్ధరాత్రి వార్డులో అదే చేస్తే? ఇది మేము సాధన చేసిన ప్రశ్న కాదు. ఆమె కాసేపు ఆలోచించి చెప్పిందట: "నిర్ణయం మార్చే ముందు, మార్చడానికి కొత్తగా ఏం తెలిసిందో రాసుకుంటానండీ. కొత్త ల్యాబ్, కొత్త లక్షణం, ఏదో ఒకటి. రాయడానికి ఏమీ లేకపోతే మార్చను, నా సీనియర్‌కు ఫోన్ చేస్తాను." జూమ్‌లో వేలు పెట్టి చూపించమన్న నియమం అది, పరీక్ష హాలు దాటి వచ్చింది. కాల్ అయ్యాక నాకు ఫోన్ చేసి "బాగా చెప్పానో లేదో మేడమ్" అంది. నేనైతే ఆ ఒక్క జవాబుకే నా లిస్టులో పైకి జరిపేదాన్ని.

అభ్యర్థులు, ప్రోగ్రామ్‌లు ఇచ్చిన ర్యాంకు లిస్టులను కలిపి సీట్లు ఖాయం చేయడాన్ని మ్యాచ్ అంటారు. 2025 మార్చి 17, సోమవారం, మ్యాచ్ అయినట్టు మెయిల్ వచ్చింది. ఎక్కడో తెలియడానికి శుక్రవారం దాకా ఆగాలి. 21న ఖమ్మంలో రాత్రి తొమ్మిదిన్నరకు తెలిసింది, తన ర్యాంకు లిస్టులో మూడోది. ఆ ప్రశ్న అడిగిన డైరెక్టర్ గారి ప్రోగ్రామే.

ఇది చదివి అందరికీ ఇలాగే అవుతుందని అనుకోవద్దు. అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో ఆ ఏడాది మ్యాచ్ అయింది 58 శాతం, ఫెయిళ్లు లేనివాళ్లను కలుపుకుని. అదే సీజన్‌లో నా దగ్గరికి వచ్చిన ఇంకో డాక్టరుకు స్టెప్ 1లో రెండు ఫెయిళ్లు, చదువు అయిపోయి పదేళ్లు దాటింది. ఈ దారిలో ఇంక డబ్బు పెట్టొద్దని చెప్పాను. ఆయనకు చాలా బాధ కలిగింది, నాతో కొన్ని నెలలు మాట్లాడలేదు. ఇప్పుడు మన దేశంలోనే డీఎన్‌బీ అనే పీజీ కోర్సు చేస్తున్నారు. ఆ మాట చెప్పడం నాకు ఈమె కేస్ మొత్తం నడిపించడం కన్నా కష్టమైంది, అయినా మళ్లీ అదే చెబుతాను.

మ్యాచ్ తర్వాత అంతా సాఫీగా సాగలేదు. ప్రోగ్రామ్ జే1 (శిక్షణకు వచ్చేవాళ్లకు ఇచ్చే) వీసా మాత్రమే ఇస్తుంది. ఢిల్లీలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ నుంచి ఆ వీసాకు కావాల్సిన స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ అనే పత్రం రావడానికే వారాలు పట్టింది. చేతికి కాగితాలు వచ్చి స్లాట్ వెతికే సమయానికి, మే 27న అమెరికా కొత్త వీసా ఇంటర్వ్యూల షెడ్యూలింగ్ ఆపేసింది. జూన్ మూడో వారంలో తిరిగి మొదలుపెట్టారు. ఆ మూడు వారాలు రోజూ రాత్రి పదకొండుకు నాకు ఒకే మెసేజ్: "ఇవాళా లేదు మేడమ్." ప్రోగ్రామ్ వాళ్లు సీటు పట్టి ఉంచారు. అందరూ జులై 1న చేరితే ఆమె మూడో వారంలో చేరింది.

ఇప్పుడు రెసిడెన్సీలో ఉంది. నెఫ్రాలజీ (కిడ్నీల వైద్యం) వైపు మనసుందని అంటోంది, సోడియం కేసులంటే ఇష్టమట. 2027లో ఫెలోషిప్‌కు, అంటే రెసిడెన్సీ తర్వాతి పై శిక్షణకు, అప్లై చేస్తే మళ్లీ అదే ట్రాన్‌స్క్రిప్ట్ వెళ్తుంది, అందులో 2022 సెప్టెంబర్ దగ్గర ఫెయిల్ అని అలాగే ఉంటుంది. ఆ మూడు వాక్యాలు ఫోన్ నోట్స్‌లో ఉంచుకున్నానని మొన్న చెప్పింది, ఆఖరి వాక్యం మార్చి స్టెప్ 3 కూడా కలపాలట.